సన్న్యాసానికి అర్హులెవరు? మలయాళస్వామి అధికారవాద విమర్శ

మలేసియాలోని సుంగై పెటాని నుంచి మెర్బోక్ వైపు వెళితే, జెరాయి కొండ పాదాన ఒక పాత ఆలయపు రాతి పునాది కనిపిస్తుంది. బుకిత్ బాతు పహాత్ ఆలయంగా పేరుపడిన ఆ కట్టడాన్ని 1936-37 ప్రాంతంలో క్వారిచ్ వేల్స్ తవ్వించాడు. 1960 ప్రాంతంలో దాన్ని పునరుద్ధరించారు. దాని పునాదుల్లో ప్రతిష్ఠాకాలంలో ఉంచిన నిక్షేపాలు రాతి పెట్టెల్లో బయటపడ్డాయి. ఇది శివాలయమై ఉంటుందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఈ కెడా ప్రాంతమే చోళ శాసనాల్లోని కడారం. 1025లో రాజేంద్రచోళుడి నౌకలు దీని మీదికి వచ్చాయి. అంటే ధర్మశాస్త్రగ్రంథాలు సముద్రయానాన్ని నిరసిస్తున్న కాలంలోనే వర్తకులు, శిల్పులు, వాళ్ళ వెంట ఆగమం తెలిసినవాళ్ళు కూడా ఆ సముద్రాన్ని దాటుతూనే ఉన్నారన్నమాట.

బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతనహేతువుల్లో చేర్చింది. తరువాతి నిబంధకారులు దాన్ని కలివర్జ్యాల్లో కలిపి, ఓడెక్కి వచ్చిన ద్విజుడు ప్రాయశ్చిత్తం చేసుకున్నా అతనితో వ్యవహరించకూడదన్నారు. ఇక్కడ గమనించవలసిన మాట ‘ద్విజుడు’ అనేది. పందొమ్మిదో శతాబ్దం చివరినుంచి విశాఖపట్నం, గోదావరి, చిత్తూరు ప్రాంతాలనుంచి మలయా రబ్బరు తోటలకు, కొబ్బరి తోటలకు వచ్చిన తెలుగు కూలీల్లో అత్యధికులకు ఈ నిషేధం వర్తించదు. పోగొట్టుకోవడానికి శాస్త్రం దృష్టిలో వాళ్ళకు అర్హత అంటూ ఏదీ లేదు గనుక సముద్రం వాళ్ళకు అడ్డు కాలేదు. ఓడ దిగాక తోటలో వాళ్ళకు దొరికినవి లైన్లు అనే బారు ఇళ్ళు, తెల్లవారకముందే హాజరు పిలుపు, కంగాణీ లెక్క. చాలా తోటల్లో ఆ లైన్లు కూడా కులాన్నిబట్టే వేరుగా ఉండేవి. పంచములకు ఒక బారు, తక్కిన కులాలకు మరో బారు. ఊరిలో ఉన్న గీత తోటలో కూడా పడింది. అయితే దాన్ని అక్కడ గీసినవాళ్ళలో దొర కూడా ఒకడు.

ఆ కూలీల మనుమలు, మునిమనుమలు ఇవాళ సుంగై పెటాని పట్టణంలో ఉపాధ్యాయులుగా, గుమాస్తాలుగా, వ్యాపారులుగా కనిపిస్తారు. వాళ్ళ పక్కనే ఆసుపత్రుల్లోనూ విశ్వవిద్యాలయంలోనూ పనిచేయడానికి భారతదేశం నుంచి నేరుగా వచ్చినవాళ్ళు ఉంటారు. రెండో వర్గంవారికి వేదాంతం ఇంట్లో పుస్తకాల అలమారలో ఉన్న సొత్తు. మొదటి వర్గంవారి పూర్వులకు అది వినడానికి కూడా హక్కు లేని విషయం. ఒకే గీతాతరగతిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నప్పుడు ఈ తేడా పైకి కనపడదు. కనపడకపోవడం మంచిదేనా, లేక అది ఒక చరిత్రను మరుగుపరచడమా? ఈ ప్రశ్నకు దారి వెతకాలంటే, సన్న్యాసానికీ బ్రహ్మవిద్యకూ ఎవరు అర్హులన్న పాత వివాదాన్ని తెలుగుదేశంలో మళ్ళీ గట్టిగా లేవనెత్తిన ఒక సన్న్యాసిని చదవవలసి ఉంటుంది. ఆయన ఏర్పేడు వ్యాసాశ్రమ స్థాపకుడు మలయాళస్వామి.

మలయాళస్వామి 1885లో కేరళలో గురువాయూరుకు సమీపాన ఉన్న ఎంగండియూరులో బ్రాహ్మణేతర కుటుంబంలో పుట్టారు. పూర్వాశ్రమంలో ఆయన పేరు వేలాయుధుడు. శ్రీనారాయణగురువు తొలి శిష్యుల్లో ఒకరైన శివలింగస్వామి దగ్గర ఆయన చదువుకున్నారు. దేశాటనం చేస్తూ తిరుమల చేరి, అక్కడి గోగర్భం గుహ ప్రాంతంలో చాలా ఏళ్ళు తపస్సు చేశారు. అసంగానందగిరి అన్న సన్న్యాసనామం కంటే, మలయాళదేశం నుంచి వచ్చిన స్వామి అని జనం పెట్టుకున్న పేరే ఆయనకు నిలిచింది. 1926లో తిరుపతి, శ్రీకాళహస్తుల నడుమ ఏర్పేడులో వ్యాసాశ్రమాన్ని స్థాపించారు. ‘యథార్థభారతి’ పత్రికను నడిపారు. ‘శుష్కవేదాంత తమోభాస్కరము’ రాశారు. కులం అడగకుండా, స్త్రీపురుషభేదం లేకుండా సంస్కృతాన్నీ వేదాంతాన్నీ నేర్పే పాఠశాలలను ఏర్పరిచారు. 1962లో సిద్ధి పొందారు. జీవితం గురించి ఇంతకు మించి చెప్పవలసిన పని లేదు. ఆయన విశిష్టత సంఘటనల్లో కాక ఒక వాదాన్ని పట్టుకున్న పద్ధతిలో ఉంది.

ఆ వాదం ‘అధికారం’ అనే మాట చుట్టూ తిరుగుతుంది. నేటి తెలుగులో అధికారమంటే పెత్తనం. మీమాంసలో దాని అర్థం వేరు: ఒక కర్మకు గాని, ఒక విద్యకు గాని ఎవరు యోగ్యులు అన్న నిర్ణయం. రెండర్థాలూ అంత దూరం కావని చరిత్ర చెబుతుంది, అది వేరే సంగతి. వేదాంతానికి ఎవరు అధికారి? శంకరాచార్యులు బ్రహ్మసూత్రభాష్యం మొదటి సూత్రం దగ్గరే దీనికి జవాబిచ్చారు. సూత్రంలోని మొదటి పదం ‘అథ’. ఆ పదానికి కర్మకాండ తెలుసుకున్న తరువాత అని అర్థం చెప్పే పక్షాన్ని ఆయన తోసిపుచ్చారు. నిత్యానిత్యవివేకం, ఇహపర భోగాల మీద విరక్తి, శమదమాదులు, మోక్షేచ్ఛ అనే నాలుగు సాధనాలు సమకూరిన తరువాత అని నిర్ణయించారు. ఈ నాలుగింటిలో జన్మ అన్నది లేదు. గోత్రం లేదు, ఉపనయనం లేదు. ఈ ఒక్క పేజీ మాత్రమే మిగిలి ఉంటే, శంకరులు బ్రహ్మవిద్యను గుణానికి అప్పగించారనే అనుకోవాలి.

కాని అదే గ్రంథం మొదటి అధ్యాయం మూడో పాదంలో అపశూద్రాధికరణం ఉంది. 34 నుంచి 38 వరకు అయిదు సూత్రాలు. ఛాందోగ్యంలో జానశ్రుతి అనే దాత బండి కింద కూర్చున్న రైక్వుడి దగ్గరికి విద్యకోసం వెళతాడు. రైక్వుడు అతణ్ణి శూద్రా అని పిలుస్తాడు. మరి శూద్రుడికి బ్రహ్మవిద్య చెప్పినట్టే కదా? కాదంటుంది సూత్రం. హంసల మాట విని శోకంతో పరుగెత్తి వచ్చాడు గనుక ఆ పిలుపు అతని దుఃఖాన్ని సూచించేదేగాని జాతిని సూచించేది కాదట. జానశ్రుతి క్షత్రియుడేనని తరువాతి సూత్రం వేరే ఆధారం చూపుతుంది. చివరి సూత్రం దగ్గర భాష్యకారులు స్మృతివాక్యాలను ఉదాహరిస్తారు. వేదం విన్న శూద్రుడి చెవుల్లో సీసమూ లక్కా కరిగించి పోయాలన్న గౌతముడి వాక్యం అందులో ఉంది. మొదటి సూత్రం దగ్గర తెరుచుకున్న తలుపు ముప్ఫైనాలుగో సూత్రం దగ్గర మూసుకుంది.

ఇక్కడ శంకరుల పక్షాన్ని కూడా నిజాయితీగా చెప్పాలి. శూద్రుడికి మోక్షం లేదని ఆయన అనలేదు. విదురుడికీ ధర్మవ్యాధుడికీ పూర్వజన్మసంస్కారం వల్ల జ్ఞానం కలిగిందని, జ్ఞానం కలిగినవాడికి దాని ఫలాన్ని ఎవరూ ఆపలేరని అదే చోట ఒప్పుకున్నారు. ఇతిహాసపురాణాల ద్వారా నాలుగు వర్ణాలకూ జ్ఞానం అందవచ్చునన్నారు. ఆయన మూసింది వేదపూర్వకమైన దారిని మాత్రమే. గమ్యం అందరిదీ, రాజమార్గం కొందరిది. పాత పండితులు ఈ భేదాన్ని ఉదారత కింద జమకట్టారు. ఆ భేదం వల్ల దెబ్బతిన్నవాడు దాన్ని అలా చూడలేడు. ఫలం ఒకటేనని ఒప్పుకున్నాక దారి మాత్రం వేరుగా ఉండాలనడానికి మిగిలే కారణం ఇతరులనుంచి దూరం పాటించడం తప్ప మరేమిటి?

సన్న్యాసం విషయంలో గీత ఇంకా దగ్గరగా పడింది. బృహదారణ్యకభాష్యంలో శంకరులు సన్న్యాసం బ్రాహ్మణుడికే అన్న పక్షాన్ని చెప్పారు. ఆయన శిష్యుడు సురేశ్వరుడే తన వార్తికంలో దీన్ని ఒప్పుకోక, మూడు వర్ణాల ద్విజులకూ దాన్ని విస్తరించాడు. అద్వైతసంప్రదాయంలోపలే, గురుశిష్యుల మధ్యనే ఈ గీత కదలగలదని తేలింది. ఒకసారి కదిలిన గీతను మూడో వర్ణం దగ్గరే ఎందుకు ఆపాలన్నది తరువాత వచ్చినవాళ్ళు అడగవలసిన ప్రశ్న. నవీనకాలంలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళలో ఎక్కువమంది ఆ గీతకు అవతలివైపు పుట్టినవాళ్ళే కావడం ఆశ్చర్యం కాదు.

మలయాళస్వామికి ఎదురైన ఆక్షేపణ సరిగ్గా ఇదే. బ్రాహ్మణుడు కానివాడికి సన్న్యాసమేమిటి, వేదాంతబోధ ఏమిటి అని ఛాందసులు నిలదీశారు. జవాబుగా ఆయన శాస్త్రాన్ని వదిలిపెట్టలేదు. తెలుగుదేశంలో శాస్త్రం బయట నిలబడి మాట్లాడిన పరంపర ఒకటి అప్పటికే ఉంది. వేమన పండితులను పరిహసించాడు. పోతులూరి వీరబ్రహ్మం కథల్లో దూదేకుల సిద్దయ్య, మాదిగ కక్కయ్య శిష్యులు. అచలగురువులు కులం చూడకుండా దీక్షలిచ్చారు. వాళ్ళందరి బలం తెలుగు. సంస్కృతపు తలుపు మూసి ఉంటే వాళ్ళు దాని ముందు నిలబడలేదు, పక్క సందులోంచి నడిచిపోయారు. మలయాళస్వామి ఆ తలుపునే పట్టుకున్నారు. అర్హతను సాధనచతుష్టయమే నిర్ణయించాలి, జన్మ కాదు అన్నది ఆయన బోధలకు పునాది. శంకరుల మొదటి సూత్రభాష్యాన్ని శంకరుల అపశూద్రాధికరణానికి ఎదురు నిలపడమే దీని సారం. అద్వైతి అయి ఉండి అద్వైతాచార్యుడితో అద్వైతం పేరిట విభేదించడం మాటలు కాదు.

ఈ వాదం ఎంతవరకు నిలుస్తుంది? సత్యకామ జాబాలి కథను తీసుకుంటే తెలుస్తుంది. తండ్రి ఎవరో తెలియని కుర్రవాడు హారిద్రుమత గౌతముడి దగ్గరికి వెళ్ళి, తల్లి చెప్పినట్టే తన పుట్టుకను దాచకుండా చెబుతాడు. అబ్రాహ్మణుడు ఇలా చెప్పలేడని ఆచార్యుడు అతణ్ణి శిష్యుడిగా స్వీకరిస్తాడు. సంస్కర్తలకు ఇది సత్యమే అర్హత అని చాటే కథ. సూత్రకారుడికీ భాష్యకారుడికీ ఇదే కథ దీనికి పూర్తిగా విరుద్ధమైన సాక్ష్యం: సత్యం చెప్పడం వల్ల అతను శూద్రుడు కాడని తేలింది, తేలాకే ఉపనయనం జరిగింది. ఉపనిషత్తులోని మాటలను పట్టుకుని చూస్తే ఈ రెండో పఠనాన్ని తోసిపుచ్చడం కష్టం. ఆచార్యుడు నిజంగానే బ్రాహ్మణ్యం మాటెత్తాడు. గుణాన్నిబట్టి బ్రాహ్మణ్యమా, బ్రాహ్మణ్యాన్నిబట్టి గుణమా అన్నది ఆ వాక్యం చెప్పదు, చదివేవాడు తేల్చుకోవాలి. సమానత్వం ఉపనిషత్తులో దొరికిందని సంస్కర్తలు చెప్పినప్పుడు వాళ్ళు తమ ఘనతను తగ్గించుకుంటున్నారు. అది అక్కడ సిద్ధంగా లేదు. రెండు వైపులకూ ఒరిగే వాక్యాన్ని మనిషి వైపు ఒరిగేలా చేసినది వాళ్ళ నిర్ణయం. మలయాళస్వామి మానవీయత అక్కడుంది. శాస్త్రమే ఉదారమైతే ఆయన చేసిన పనికి విలువేముంది?

ఆ నిర్ణయం ఆచరణలో ఎలా కనిపించిందో చెప్పడానికి ఓంకార సత్రయాగం కంటే మంచి ఉదాహరణ లేదు. స్త్రీలూ శూద్రులూ ప్రణవాన్ని ఉచ్చరించరాదన్నది ఛాందసుల కట్టుబాటు. వ్యాసాశ్రమ సంప్రదాయం దాన్నే సామూహిక జపంగా మార్చింది. ఊరి జనం అంతా కూర్చుని ఆగకుండా ఓంకారం చేస్తారు. దీనికి పెట్టిన పేరు ఇంకా ఆసక్తికరం. శ్రౌతపరిభాషలో సత్రమంటే చాలా రోజులు సాగే సోమయాగం. మామూలు యజ్ఞంలో చేయించేవాడు యజమాని, చేసేవాళ్ళు ఋత్విజులు, వాళ్ళకు దక్షిణ. సత్రంలో యజమానులే ఋత్విజులు, కాబట్టి దక్షిణ అనేదే లేదు. సరిగ్గా ఈ కారణం వల్లనే మీమాంసకులు సత్రం బ్రాహ్మణులకే అన్నారు: ఋత్విక్కుగా ఉండే హక్కు బ్రాహ్మణుడిది గనుక, అందరూ ఋత్విజులయ్యే యాగంలో అందరూ బ్రాహ్మణులై తీరాలి. అత్యంత సమానమైన యాగం అత్యంత సంకుచితమైన వర్గానికి పరిమితమైంది. ఏ కులంవాడైనా, ఏ స్త్రీ అయినా కూర్చోగల జపానికి ఆ సత్రం పేరే పెట్టడంలో నిర్మాణం అలాగే ఉంది, గేటు పోయింది. చేసేవాడికీ చేయించేవాడికీ తేడా లేదు, పురోహితుడికి ఇవ్వవలసింది లేదు, యజ్ఞశాల బయట నిలబడవలసినవాడూ లేడు. సంస్కృతం చదువుకున్న మనిషి ఈ పేరును తెలియక పెట్టి ఉండడని నమ్మవచ్చు.

ఆయన త్యాగభావనను ఈ వెలుగులో చూడాలి. సన్న్యాసి దేన్ని వదులుతాడు? ఇల్లు, శిఖ, యజ్ఞోపవీతం. యజ్ఞోపవీతమే లేనివాడు దేన్ని వదలాలి? సంప్రదాయవాది ఈ ప్రశ్నను పరిహాసంగా వేయగలడు, నిజానికి వేశాడు కూడా. కాని దీన్ని గంభీరంగా తీసుకుంటే సన్న్యాసమనే వ్యవస్థలోని ఒక వైచిత్రి బయటపడుతుంది. పైవర్ణంవాడికి సన్న్యాసమంటే తన సామాజిక చిహ్నాలను విసర్జించడం. కిందివర్ణంవాడికి అదే సన్న్యాసం, మొట్టమొదటిసారిగా, కులం చెప్పనవసరం లేని ఒక పేరు సంపాదించుకోవడం. వేలాయుధుడు అసంగానందుడైనప్పుడు ఆయన వదులుకున్నదెంతో, పొందినదీ అంతే. ఆశ్రమంలో చేరిన అట్టడుగు కులాల విద్యార్థికీ, విధవరాలికీ కాషాయం లోకాన్ని వదలడమే కాదు, లోకంలో తలెత్తుకుని కూర్చునే ఒక చోటు కూడా. స్త్రీ సన్న్యాసిని గురించి శాంతిపర్వంలోనే సులభ అనే భిక్షుకి ఉంది. జనకుడి సభలో నిలబడి, ఇంట్లో ఉండే ముక్తుణ్ణయ్యానన్న రాజును ఆమె వాదంలో ఓడిస్తుంది. సులభ లాంటివాళ్ళు పురాణంలో మాత్రమే ఉండాలని తరువాతి కాలం తీర్మానించింది. వ్యాసాశ్రమం ఆ తీర్మానాన్ని ఒప్పుకోలేదు.

ఈ ఆలోచన ఒక్క ఏర్పేడులోనే పుట్టినది కాదు. ఆయన గురువుకు గురువైన నారాయణగురువు 1888లో అరువిప్పురంలో శివుణ్ణి ప్రతిష్ఠించి, ఈళవుడికి ప్రతిష్ఠ చేసే హక్కెక్కడిదన్న ప్రశ్నకు చేతలతో సమాధానం చెప్పారు. వివేకానందుడు పేరుకెక్కక ముందే, 1889లో, ప్రమదదాస మిత్రకు రాసిన ఉత్తరంలో శూద్రులకు వేదాధ్యయన నిషేధం గురించి శంకరుల వాదాన్ని ప్రశ్నించాడు. 1893లో షికాగో వెళుతూ ఆయన ఎక్కిన ఓడ పినాంగులో ఆగింది. అది సుంగై పెటానికి కూతవేటు దూరం. తిరిగి వచ్చాక 1897లో మద్రాసులో మాట్లాడుతూ, శూద్రుడికి సన్న్యాసమేమిటని తనను ఆక్షేపించినవాళ్ళకు జవాబు చెప్పవలసి వచ్చింది. ప్రపంచసభల్లో హిందూమతాన్ని నిలబెట్టిన మనిషిని సొంత ఊళ్ళో అడిగిన మొదటి ప్రశ్నల్లో ఇదొకటి కావడం ఆలోచించదగిన విషయం.

అయితే ముగ్గురి మార్గాలూ ఒకటి కావు. వివేకానందుడు సన్న్యాసాన్ని సేవవైపు తిప్పాడు. ఆసుపత్రి, బడి, కరువుసాయం సన్న్యాసి పనులయ్యాయి. నారాయణగురువు సన్న్యాసం ఒక కులసమాజపు ఉత్థానంతో పెనవేసుకుంది. ఆయన ఆలయాలు కట్టారు, మద్యం మానమన్నారు, పరిశ్రమలు పెట్టుకోమన్నారు. ఆ కదలిక వెనుక 1903లో ఏర్పడిన ఎస్.ఎన్.డి.పి. యోగం వంటి సంస్థ ఉంది. మలయాళస్వామికి అలాంటి సమాజబలం లేదు. పరాయి ప్రాంతంలో, పరాయి భాషలో, తన కులంవాళ్ళు లేని చోట ఆయన పనిచేశారు. అందువల్ల ఆయన సంస్కరణ ఏ ఒక్క కులానికీ చెందలేదు. ఆ కారణం వల్లనే ఏ కులమూ దాన్ని తన రాజకీయంగా మలుచుకోలేదు కూడా. కేరళలో నారాయణగురువు పేరు వినని ఇల్లు ఉండదు. రాయలసీమ దాటితే మలయాళస్వామి పేరు తెలిసిన తెలుగువాళ్ళు తక్కువ. తెలుగు సాహిత్యచరిత్రలు, సంస్కరణోద్యమచరిత్రలు కందుకూరి నుంచి రఘుపతి వెంకటరత్నం నాయుడు మీదుగా హేతువాదుల వైపు వెళ్ళిపోతాయి. కాషాయం కట్టిన సంస్కర్తను ఎక్కడ కూర్చోబెట్టాలో వాటికి తోచలేదు.

ఇంతవరకు చెప్పింది ఆయన బలం. పరిమితి కూడా ఇదే వాదంలోంచి వస్తుంది. జన్మను తొలగించి ఆ చోట సాధనను పెట్టినప్పుడు తలుపు ఒకటి తెరుచుకుంది. కాని తలుపు అంటూ ఒకటి ఉంది. దాని మీద ఇప్పుడు కులం బదులు ఆచారం రాసి ఉంది: మాంసం మానాలి, మద్యం మానాలి, ఇంద్రియనిగ్రహం ఉండాలి. ఇవి సన్న్యాసికి సహజమైన నియమాలు. సమాజంలో సమానత్వానికి అవే షరతులైతే సంగతి వేరవుతుంది. పశుమాంసం తినేవాడు, కల్లు తాగేవాడు ఎవరన్న ప్రశ్నకు జవాబు ఊళ్ళో కులాన్నిబట్టే వస్తుంది. ఆచారం అనే పేరుతో పాత కొలత వెనకగుమ్మంలోంచి తిరిగి రాగలదు. ‘శుష్కవేదాంతం’ మీద యుద్ధం, అంటే సాధన లేకుండా అహం బ్రహ్మ అనేవాళ్ళ మీద యుద్ధం, తాత్త్వికంగా సమంజసమైనదే. కాని నువ్వు ఇంకా సిద్ధం కాలేదు అన్న మాట, చెప్పేవాడి స్థానాన్నిబట్టి, పాత నిషేధంలాగానే వినిపిస్తుంది.

ఆ కాలపు తెలుగు కవులు దీన్ని గ్రహించారు. కుసుమ ధర్మన్న గాని, జాషువ గాని బ్రహ్మవిద్యాధికారం కోరలేదు. 1941 నాటి ‘గబ్బిలం’లో అరుంధతీసుతుడు కాశీవిశ్వేశ్వరుడికి ఒక గబ్బిలంతో కబురు పంపవలసి వచ్చింది, గుళ్ళోకి ఆ గబ్బిలానికి ఉన్న ప్రవేశం తనకు లేదు గనుక. అతని ఫిర్యాదు ఆకలి, అవమానం. అతను యోగ్యత నిరూపించుకోవడానికి సిద్ధంగా లేడు, నిరూపించుకోవాలన్న నియమాన్నే ఒప్పుకోడు. జాషువ నాయకుడి ప్రశ్నకు మలయాళస్వామి దగ్గర పూర్తి సమాధానం లేదు. సన్న్యాసి అందరినీ ఆత్మగా చూస్తాడు. ఆకలిగొన్నవాడు మనిషిగా చూడమంటాడు. ఆశ్రమపు పంక్తిలో ఇద్దరూ కలిసి అన్నం తిన్న మాట నిజమే. ఆశ్రమం గేటు దాటాక ఎవరి పంక్తి వాళ్ళదే.

ఇదే చిక్కు కెడా తోటల్లో మరో రూపంలో కనిపిస్తుంది. తోటల్లో కల్లు దుకాణం యాజమాన్యపు అనుమతితో, చాలాచోట్ల యాజమాన్యపు నిర్వహణలోనే నడిచేది. కూలీకి ఇచ్చిన డబ్బు సాయంత్రానికి కొంత అక్కడే జమ అయ్యేది. కూలీ తాగుబోతు గనుక పైకి రాడు అని చెప్పేవాళ్ళూ, అతనికి తాగుడు అమ్మేవాళ్ళూ ఒకరే. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక సుంగై పెటానికి ఉత్తరాన బెడోంగ్ దగ్గరి హార్వర్డ్ తోటలో ఏ.ఎం. సామి నాయకత్వాన తొండర్ పడై అనే కూలీల దళం లేచింది. ప్రధానంగా తమిళ కూలీల ఉద్యమం అది. లైన్లు శుభ్రం చేయడం, తాగుడు మాన్పించడం, కల్లు దుకాణాల ముందు నిలబడి అడ్డుకోవడం దాని పనులు. 1947లో అది పోలీసులతో ఘర్షణల దాకా వెళ్ళి కూలీల ప్రాణాలు పోయాయి. బయటినుంచి చూస్తే ఆ దళం చేసింది స్వాములు చెప్పినదే: మద్యం మానండి, శుచిగా ఉండండి. లోపలి అర్థం వేరు. అక్కడ శుచి ఎవరి దగ్గరికో ప్రవేశించడానికి షరతు కాదు, కూలీ తన కూలిడబ్బును తన దగ్గరే ఉంచుకునే ఉపాయం. నియమాన్ని తనకు తానే విధించుకున్నప్పుడు అది ఆత్మగౌరవం. పైవాడు విధించినప్పుడు అదే నియమం అర్హతాపరీక్ష. ఒకే ఆచారానికి ఈ రెండు ముఖాలున్నాయన్న ఎరుక ఆశ్రమ సంస్కరణల్లో అంతగా కనపడదు. మలయాళస్వామిలోనూ కనపడదు.

అయినా ఆయన్ని కులనిర్మూలనవాదులతో పోల్చి తూకం వేయడం సరికాదు. ఆయన తన ముందున్న తాళాన్ని తీశారు. అది అన్ని గదుల తాళం కాదు. కాని ఆ ఒక్క తాళం ఎంత బలమైనదో మరిచిపోయినవాళ్ళే దాన్ని తేలిక చేస్తారు. వెయ్యేళ్ళుగా పండితులు వ్యాఖ్యానించిన అపశూద్రాధికరణాన్ని ఒప్పుకుంటూ అద్వైతిగా ఉండవచ్చునన్నది ఎవరికీ ఇబ్బందిగా తోచని కాలంలో, దాన్ని ఒప్పుకోకుండానే అద్వైతిగా ఉండవచ్చునని ఆయన బతికి చూపించారు.

మలయా తోటల తెలుగువాళ్ళు తమ దారి తాము వేరుగా వెతుక్కున్నారు. రామభజన వాళ్ళ ప్రధానమైన మతాచరణ. రామమందిరం తోటలో గుడి, తెలుగు బడి, పంచాయితీ రచ్చ, మూడూ తానే అయ్యేది. భజనలో తాళం పట్టినవాడి కులం పాటకు అడ్డం కాదు. 1955లో మలయా ఆంధ్ర సంఘం ఏర్పడి, తరువాత మలేసియా తెలుగు సంఘమైంది. తోటలు ముక్కలై, పామాయిలుకూ ఇళ్ళస్థలాలకూ మారినప్పుడు మందిరాలు కొన్ని పట్టణాలకు తరలాయి, కొన్ని పోయాయి. పట్టణంలో ఇప్పుడు గీతాతరగతులున్నాయి. అక్కడ శంకరభాష్యం చదివేటప్పుడు సాధనచతుష్టయం గురించి వివరంగా చెబుతారు, అది మొదటి సూత్రం గనుక. మొదటి అధ్యాయం మూడో పాదం దాకా చేరే తరగతులు తక్కువ. చేరినప్పుడు కూడా ఆ అయిదు సూత్రాలు సాధారణంగా త్వరగా గడిచిపోతాయి, కూర్చున్నవాళ్ళలో ఎవరినీ నొప్పించకూడదన్న సద్భావంతోనే. ఏర్పేడు స్వామి వాటిని దాటవేయలేదు. ఆ సూత్రాలు ఎవరిని ఉద్దేశించి రాశారో ఆయనకు తెలుసు.